మైకుతో కొట్టిన రోజు

పదేళ్లు రేడియోలో, స్టాండప్ వేదికల మీద లీడర్లను ఉతికి ఆరేసి, చివరికి నేనే కార్పొరేటర్‌గా పోటీకి దిగాను. గౌలిపురలో మొదటి సభ. ముందు వరసలోంచి పాల వ్యాపారి ఒకాయన లేచి, "అన్నా, గెలిచినంక మా గల్లీకి తొవ్వ యాదికుంటదా, లొకేషన్ పంపాల్నా?" అన్నాడు.

జనం పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. వేదిక దిగి, చేతిలోని మైకుతోనే అతని మూతి మీద కొట్టాను. ఆ చప్పుడుకు స్పీకర్లన్నీ దద్దరిల్లాయి. ఇది కూడా నా కామెడీయే అనుకున్నారేమో, ఇంకా నవ్వారు. మళ్లీ కొట్టాను. పన్ను ఊడి కింద పడింది. అప్పుడు గానీ నవ్వులు ఆగలేదు.

అతను నెత్తురు ఉమ్మి, నా చేతిలోని ఆ మైకులోనే అన్నాడు: "గా లొకేషన్ ముచ్చట నీ జోకే గదన్నా. రేడియోల ఇని మస్తు నవ్వెటోన్ని."