పచ్చడి సీసాలో కప్ప

దెయ్యాలనీ గాలనీ ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది. పెళ్ళికి ముందు పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో, స్మశానాన్ని ఆనుకున్న చేలో కలుపు తీసేదాన్ని. సమాధి గట్టు మీద కూర్చునే అన్నం తినేదాన్ని. ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేను చెప్పను. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో మాత్రం చెబుతాను.

తొంభైల్లో బహ్రెయిన్‌లో, బుదైయాలో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. ఇంటి వెనక ఖర్జూరం తోట. ఆ తోట చూసుకునే రాజన్నది జగిత్యాల వైపు. తెలుగులో మాట్లాడుకోవడానికి అక్కడ నాకు అతను, అతనికి నేను, అంతే. మేడం కూతురు నూరాకి నాలుగేళ్ళు. పుట్టిన దగ్గర్నుంచీ నా చంకలోనే పెరిగింది.

ఓ ఎండాకాలం, వెనక బాత్‌రూం గోడ మీద నా తలకంటే ఎత్తున ఒక కప్ప కనిపించింది. తోట కాలవల్లో కప్పలు మాకు కొత్త కాదు. అవి పచ్చగా, లావుగా ఉంటాయి. మనిషి అలికిడి కాగానే నీళ్ళలోకి దూకేస్తాయి. గోడలెక్కవు. ఇదేమో నిమ్మకాయంత, సన్నగా, మట్టిరంగులో ఉంది. వేళ్ళ చివర సగ్గుబియ్యం గింజల్లా గుండ్రంగా ఉన్నాయి. నున్నటి టైలుకి అతుక్కుని కదలకుండా చూస్తోంది.

చూడగానే పోల్చుకున్నాను. మా వైపు వానాకాలంలో స్నానాల గదుల్లో చేరే గోడకప్ప.

రాజన్నని పిలిచి చూపించాను. దగ్గరికెళ్ళి వేళ్ళు పరీక్షగా చూశాడు.

"ఇది ఈడిది కాదక్కా. ఆరేండ్ల సంది ఈ తోటల ఉన్న, గోడెక్కే కప్పను ఒక్కసారి గూడ సూడలే" అన్నాడు.

కుండీ మొక్కలతోపాటు వచ్చిందేమో అనుకుని వదిలేశాం. నాది తప్పే.

మూడో రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నూరా కళ్ళు నులుముకుంటూ వచ్చింది. బాత్‌రూం కుళాయి మీదున్న కప్పని పట్టుకున్నానంది. నేను చూస్తుండగానే రెప్పలు వాచాయి, పెదాలు వాచాయి. ఊపిరి తీస్తుంటే గొంతులో పిల్లికూతలు.

మేడం క్లినిక్‌కి ఫోన్ చేసింది. పిల్లని వెంటనే తెమ్మన్నారు. దొరికితే కప్పని కూడా తెమ్మన్నారు, ఏ రకమో చూస్తామని.

రాజన్న పరుగెత్తుకొచ్చాడు. కప్ప కుళాయి మీదే ఉంది, పారిపోలేదు. మూతి ఇరుకుగా ఉన్న పచ్చడి సీసా దొరికింది. మూతకి మేకుతో చిల్లులు పొడిచి, చేతికి కవరు చుట్టుకుని, కప్పని లోపలికి తోసి మూత బిగించాడు. గాజులోంచి ఇద్దరం మళ్ళీ చూశాం. మట్టిరంగే. వేళ్ళ చివర గింజలే. సీసా చుట్టూ తడిగుడ్డ కట్టి ముడేశాను.

మేడం కారు నడిపింది. నేను వెనక సీట్లో, భుజాన పిల్ల, మోకాళ్ళ మధ్య సీసా. ఎక్కడా ఆగలేదు. "యల్లా, యల్లా", త్వరగా కదలండని, మేడం ముందు కార్ల మీద అరుస్తూనే ఉంది.

సగం దారిలో సీసా బరువెక్కింది.

నా భ్రమ అనుకున్నాను. అంతలో లోపలినుంచి ఏదో గట్టిగా తన్నింది. గుడ్డ విప్పి చూడాలని ఉంది, చెయ్యి రాలేదు. నూరా ఊపిరి మధ్యమధ్య ఆగిపోతోంది. వీపు రాస్తూ కూర్చున్నాను.

క్లినిక్‌లో సూదిమందు ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. గంటకి పిల్ల ఊపిరి తేలికపడింది. అప్పుడు మలయాళీ డాక్టరు కప్పేదని అడిగాడు. ముడి నేనే విప్పాను.

సీసా నిండా పచ్చటి కప్ప. తిరగడానికి కూడా చోటు లేదు. వేళ్ళు మొనదేలి ఉన్నాయి, గింజలు లేవు.

"ఇది తోటల్లో ఉండేదేగా. దీనివల్ల ఇంత వాపు రాదే" అన్నాడు డాక్టరు హిందీలో.

నేను చూసిన కప్ప ఎలా ఉందో చెప్పాను. అలాంటివి మన దేశంలో ఉంటాయి, ఇక్కడ ఉన్నట్టు వినలేదన్నాడు. మేడం నా వైపు తిరిగింది. "కప్పని మార్చావా? ఏం దాస్తున్నావు?" అంది. ఉద్యోగం సంగతి తర్వాత, నా చేతుల్లో పెరిగిన పిల్లకి నేనే ఏదో చేశాననుకుంటోంది.

మంచం మీంచి నూరా సీసా చూసింది. "ఇది కాదు. అది చిన్నది" అంది అరబీలో. మేడం నమ్మలేదు.

ఇంటికొచ్చాక రాజన్న చేతికి సీసా ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి దాని వేళ్ళు చూశాడు. కాలవలో వదిలేద్దామని మూత తీశాడు. తల బయటికొస్తోంది గానీ ఒళ్ళు రావట్లేదు. నీళ్ళు పోశాడు, తలకిందులు చేశాడు. మూతిలో పట్టడం లేదు. మేడం వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. చివరికి రాజన్న గుడ్డ కప్పి సీసా పగలగొట్టాడు. పచ్చకప్ప గెంతుకుంటూ కాలవలోకి పోయింది.

మేడం వచ్చి విరిగిన సీసా మూతి ముక్కని చేతిలోకి తీసుకుంది. రెండు వేళ్ళు పెట్టి కొలుచుకున్నట్టు చూసింది. కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. కప్పని మార్చావా అని మళ్ళీ ఎప్పుడూ నన్ను అడగలేదు.

నూరాకి పూర్తిగా నయమైంది. నేను ఇంకో మూడేళ్ళు ఆ ఇంట్లోనే చేశాను. గోడకప్ప మళ్ళీ కనిపించలేదు. రాజన్న మాత్రం అప్పటినుంచీ కాలవలోకి దిగేముందు కర్రతో నీళ్ళని తట్టేవాడు. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"ఏమో అక్కా, ఏందని జెప్పాలె" అన్నాడు.

నేనూ ఇన్నేళ్ళు ఆలోచించాను. నాకూ చెప్పడం చేతకావట్లేదు.