రెండు గొంతుల క్లారినెట్

గల్ఫ్‌లోని మఫ్రఖ్ లేబర్ క్యాంపుకు నేను మోసుకొచ్చిన సామానులో, ఊళ్లో బ్యాండు మేళంలో వాయించిన పాత క్లారినెట్ ఒకటి. కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఎండకు అది నిలువునా పగిలింది. ఆ సంగతి తెలిసి మా సైట్ సేఫ్టీ సార్ తన క్లారినెట్ నా చేతికిచ్చారు. ఆయనది విశాఖపట్నం. కాగితం చూసి ఒక్క తప్పు లేకుండా వాయించే మనిషి. కంపెనీ వార్షికోత్సవంలో పరంజా కట్టే నేనూ, ఆయనా చెరో పాట వాయించాలని ఆయన కోరిక.

దాన్ని పట్టుకోగానే నా వేళ్లకు మతి పోయింది. రంధ్రాల అమరికే వేరు. ఎడమచేతి వరుస దాదాపు పాతదే. కుడిచేతి దగ్గరే తిరకాసు. నా పాతదాంట్లో చూపుడువేలు మూస్తే పలికే స్వరం ఇందులో అర మెట్టు కిందికి దిగింది. ఇంకో స్వరానికి నడివేలు ఎత్తి, దాని పక్క రెండు వేళ్లూ మూసేవాణ్ణి. అలవాటు కొద్దీ అలాగే మూసి, పెదవి కాస్త వదిలి ఊదితే ఒకే గొట్టంలోంచి రెండు గొంతులు లేచాయి. కింద గురగుర, పైన కీచు.

“ఏంటయ్యా అది, పిల్లిని తొక్కావా?” అన్నారు సార్.

“మీ క్లారినెట్టే రెండు మాటలు మాట్లాడుతున్నది సార్. నేనేం జేసిన?”

ఆయన నవ్వలేదు. “ఆ జంట స్వరం కోసం కొందరు కావాలనే తప్పు వేళ్లు వేస్తారు. ఏళ్లు పడుతుంది. నువ్వు ముందు సరైనవి నేర్చుకో,” అని వేళ్ల పట్టిక ఇచ్చారు.

సరైనవి నేర్చుకున్నాను. తప్పువీ వదల్లేదు. రంధ్రం మీద వేలిని కొద్దికొద్దిగా జరిపితే ఆ జంట స్వరం పైకి పాకేది. అచ్చం మా సైట్లో మధ్యాహ్నం పని ఆపమని మోగే సైరన్.

ఆ రోజుల్లో కాలికి దెబ్బ తగిలి, రేకుల షెడ్డులో నీళ్లు నింపే పనిలో ఉన్నాను. సైరన్‌కి ఇంకా పావుగంట ఉంది. చేతులు ఊరుకోలేదు. వెంట తెచ్చుకున్న క్లారినెట్ తీసి, తలుపు తెరిచి ఆ జంట స్వరం ఊదాను.

ముందు దగ్గరి పరంజా మీదివాళ్లు దిగారు. వాళ్లను చూసి మిగతావాళ్లు. ఫోర్‌మన్ “ఖలాస్, యల్లా”, పని అయిపోయింది పదండి, అంటూ అందరినీ షెడ్డుకి తోలాడు. సేఫ్టీ సార్ కూడా హెల్మెట్ తీసి మజ్జిగ డబ్బా తెరిచారు. సగం తాగారో లేదో, అసలు సైరన్ మోగింది.

“మల్ల మోగింది గదనే. గిప్పుడు ఎక్కాల్నా, దిగాల్నా?” అన్నాడు నా రూమ్మేట్.

సార్ నా వైపు చూశారు. నేను క్లారినెట్‌ను నీళ్ల క్యాను వెనక్కి నెట్టాను, కానీ ఆలస్యంగా.

పక్కకు తీసుకెళ్లి, “రేపు నిజంగా మంట లేచి సైరన్ మోగితే ఎవడు నమ్ముతాడు?” అన్నారు. ఆ మాట గుచ్చుకుంది.

“తప్పైంది సార్. మల్ల చెయ్య.”

క్లారినెట్ తీసుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చారు. “ఇంతకీ ఏ వేళ్లు?”

చూపించాను. ఆయనకు రాలేదు. అన్నేళ్లు సరిగ్గా వాయించిన చేయి కదా, తప్పు వేయమంటే మొరాయించింది. వారం రోజులు క్యాబిన్ తలుపు వేసుకుని కుస్తీ పట్టారు. ఎనిమిదో రోజు నేను నీళ్ల క్యానుతో లోపలికి వెళ్లేసరికి జంట స్వరం పలికింది, నా దానికంటే గట్టిగా. వెంటనే పక్క గదిలోంచి, ముదీర్ అని అందరం పిలిచే మేనేజరు ఎవరికో ఫోన్ చేసి, ఏసీ పాడైపోతోందని అరవడం వినిపించింది. కాసేపటికి మెకానిక్ నిచ్చెన వేసుకుని పైకెక్కాడు.

సార్ క్లారినెట్ విప్పి నెమ్మదిగా పెట్టెలో సర్దారు. నేను క్యాను బిగించే పనిలో పడ్డాను. మెకానిక్ దిగివచ్చి ఏసీకి ఏ జబ్బూ లేదని చెప్పేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.