శుక్రవారం వేయని ముద్ర

ఇరవై ఏళ్లు దాటింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఒకే కప్పు కింద బతుకుతున్న మనిషికి కూడా చెప్పలేదు. మోయడం ఎంత అలవాటైపోయిందంటే, ఇది నా ఒంటి బరువేనేమో అని ఒక్కోసారి నన్ను నేనే నమ్మించుకునేదాన్ని. కాదు. ఒంటి బరువైతే నిద్రలోనైనా తేలికవుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నేను దొంగతనం చేయలేదు, ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఒక కాగితం మీద ముద్ర వేయాల్సిన రోజున వేయలేదు. అంతే. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఆ "అంతే" అన్న మాటే. అది అంతే అయితే, చెప్పడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది?

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన కొత్తలో మేమిద్దరం ఇక్కడికి వచ్చాం. మావారికి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు ఉద్యోగం. షాకాస్‌క్రాల్ అనే ఊరు దాటి ఇంకొంచెం ఉత్తరానికి వెళితే చెరకు తోటల మధ్య ఒక చిన్న పట్టణం. పేరు చెప్పను. విశాఖపట్నంలో నేను చదివిన చదువు పట్టణాల ప్లానింగు. ఆ ఊరి ఆఫీసులో ప్లాన్లు గీసే గదిలో నాకు కాంట్రాక్టు మీద పని దొరికింది.

ఆ రోజులు ఇప్పుడు తలచుకుంటే అన్నీ పల్చటి పొగలోంచి కనిపిస్తాయి. నిజంగానే పొగ ఉండేది. కోతకు ముందు చెరకు తోటల్ని తగలబెట్టేవాళ్లు. నల్లటి మసి రేకులు గాలిలో తేలుకుంటూ వచ్చి ఆరేసిన చీరల మీద, కిటికీ గట్టు మీద, నేను గీస్తున్న మ్యాపుల మీద వాలేవి. వేలితో తాకితే చప్పుడు లేకుండా పొడి అయిపోయేవి. తూర్పున సముద్రం కనిపించేది కాదు, దాని వెలుగు మాత్రం ఆకాశంలో కనిపించేది. అందరూ మెల్లగా మాట్లాడుతున్నట్టు ఉండేది. అందరూ ఏదో ఒక ఇంటిని కలగంటున్నట్టు ఉండేది.

ఆ ఊళ్లో నాతో తెలుగు మాట్లాడిన మనిషి ఒక్కరే. అప్పలమ్మ. ఊళ్లో ఇండియన్లంతా ఆమెని "ఆపిల్ ఆంటీ" అనేవాళ్లు. ఇరుగుపొరుగు నల్లజాతి జూలూలు "గోగో" అనేవాళ్లు, వాళ్ల మాటలో అమ్మమ్మ అని. డెబ్బై దాటిన మనిషి. ఆమె తాతలు విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఆ చెరకు తోటల్లోనే కూలి చేశారు. ఒకప్పుడు ఆమెకి ఊళ్లో సొంత ఇల్లుండేది. ఏ రంగు మనుషులు ఏ వీధిలో ఉండాలో పాత ప్రభుత్వం గీత గీసినప్పుడు ఆ ఇల్లు కూలగొట్టారు. తర్వాత ఆమె తిరిగి తిరిగి, తాతలు బతికిన పాత కూలి లైన్లకే చేరింది. గుట్ట కింద, రేకుల ఇల్లు. చుట్టూ అలాంటి ఇళ్లే, వాటిలో జూలూ కుటుంబాలు.

కుళాయి గురించి అడగడానికి ఒకసారి ఆఫీసుకి వచ్చి, నేను ఫోనులో మావారితో తెలుగులో మాట్లాడుతుంటే విని అలాగే నిలబడిపోయింది. "నువ్వు మా నాయనమ్మ మాట మాటాడతావే!" అంది. మర్నాటి నుంచి నేను ఆమె పిల్లనైపోయాను. శనివారాలు వెళ్లేదాన్ని. అక్కడ మడుంబి అనే చామదుంపలతో పులుసు పెట్టి, నేను తింటుంటే ఎదురుగా కూర్చుని నా పెదవుల వంక చూసేది. తినడం చూడటానికి కాదు. మధ్యలో నేను ఏదైనా తెలుగు మాట అంటానేమోనని.

ఆమె ఇంటి వెనకే ఆ గుట్ట. పైకెక్కితే సముద్రం.

కొత్త ప్రభుత్వం పేదలకి చిన్న ఇళ్లు కట్టిస్తానంది. మా ఆఫీసు మొదట ఎంచుకున్న చోటు ఆ గుట్టే. బస్సు రోడ్డు దగ్గర, బడి దగ్గర, క్లినిక్ దగ్గర. కింద రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లంతా నడిచి పైకెక్కితే చాలు, ఇంట్లో ఉంటారు. ప్లాను గీసింది నేనే. అప్పలమ్మకి చూపించాను కూడా. ఒక చదరం మీద వేలు పెట్టి, "ఇది మీది" అన్నాను. ఆమె ఆ చదరాన్ని చీర కొంగుతో తుడిచింది, దుమ్ము ఉన్నట్టు.

తర్వాత పేపర్లో నోటీసు వేశాం. ఫలానా శుక్రవారం ఆఫీసు మూసేలోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, మద్దతు చెప్పవచ్చు అని. ఉత్తరాలు వచ్చాయి. గుట్టకి ఇవతల పెంకుటిళ్ల కాలనీ నుంచి, దాదాపు అన్నీ ఇండియన్ల నుంచే. ఒకప్పుడు తమ ఇళ్లు కూలితే వీధిలో నిలబడి ఏడ్చినవాళ్లే. ఉత్తరాల్లో మర్యాదైన మాటలు రాశారు. రోడ్డు ఇరుకు, మురుగు కాలవ చాలదు, ఊరి అందం చెడుతుంది. భయం అన్న మాట ఒక్కరూ రాయలేదు. అన్నిటిలోనూ ఉన్నది అదే.

కొత్త పద్ధతిలో మొదటి ఊరి ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. మా వార్డులో నిలబడుతున్నది సామీ అంకుల్. రిటైరైన బడి పంతులు. మేము దిగిన వారంలో మాకు అద్దె ఇల్లు చూసిపెట్టింది ఆయనే, గ్యాసు పొయ్యి మోసుకొచ్చి బిగించిందీ ఆయనే. చెడ్డవాడని చెప్పలేను. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, టీ తాగుతూ వార్డు గీతల గురించి మాట్లాడాడు. ఇళ్లు గుట్ట మీద వస్తే ఆ కుటుంబాల ఓట్లు మన వార్డులో. నదికి అవతలి పల్లపు నేలలో వస్తే పక్క వార్డులో. అది ఆయన చెప్పక్కర్లేదు. ఆ గీతలు నా మ్యాపు మీదే ఉన్నాయి. లేచి వెళ్తూ గుమ్మంలో ఆగి, గడువు దాటి వచ్చిన ఉత్తరాలు లెక్కలోకి రావు కదా అని అడిగాడు. రావు అన్నాను. ఆయన నన్ను ఏమీ చేయమనలేదు. ఈ మాట నేను స్పష్టంగా రాయాలి. ఎవరూ నన్ను ఏమీ చేయమనలేదు.

మరెందుకు చేశాను? కొత్త కౌన్సిలే నా కాంట్రాక్టు పొడిగించాలి కనుకనా? కొంత అది. పరాయి దేశంలో మమ్మల్ని మనుషులుగా చూసిన ఆ పెంకుటిళ్ల వాళ్ల ముఖాలు మారిపోతాయనా? కొంత అదీ. కానీ వాటి అడుగున ఇంకొకటి ఉంది. పేదల ఇళ్లు అక్కడ రాకపోతే ఆ గుట్టని విడి స్థలాలుగా కోసి అమ్ముతారు. ఆ రెండో ప్లాను కూడా నేనే గీశాను. చివరి స్థలం దగ్గర నా పెన్సిలు ఆగింది. తూర్పు వైపు కిటికీ పెడితే పొద్దుటే సముద్రం ఇంట్లోకి వస్తుంది. ఆ కిటికీని నేను పనివేళల్లో కళ్లు తెరుచుకునే కలగన్నాను. కల కనడం తప్పా? కాదు. అప్పలమ్మ కొంగుతో తుడిచిన చదరం ఆ కిటికీ కిందే ఉందని నాకు తెలుసు. తెలిసీ కలగన్నాను.

ఆ శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం నుంచీ సముద్రం మీద నుంచి పొగమంచు ఎక్కి వస్తోంది. దానిలో మసి రేకులు కలిసి, కిటికీ అవతల లోకం బూడిద రంగు నీళ్లలో మునిగినట్టుంది. మా ఆఫీసు నాలుగింటికి మూస్తారు. గదిలో నేనొక్కదాన్నే. నాలుగు కావడానికి పది నిమిషాలుందనగా ఆ మంచులోంచి ఇద్దరు ఆడవాళ్లు నడిచి వచ్చారు. ఒకరు అప్పలమ్మ. రెండోది ఆమె పక్కింటి నోముసా, ఊళ్లో ఒకరి ఇంట్లో పనిచేసే జూలూ అమ్మాయి. నోముసా చేతిలో బడి నోటుబుక్కు కాగితాలు, గుచ్చి కుట్టినవి. గుట్ట మీద ఇళ్లు కావాలని అర్జీ. కింద సంతకాలు, నీలి వేలిముద్రలు.

"వొచ్చీసినాం గుంటా!" అంది అప్పలమ్మ, కౌంటరు పట్టుకుని రొప్పుతూ. "ఆపీసు మూసీసినారని బయపడిపోనాం."

"ఇంకా టైముంది మామ్మా."

"ఈ నోముసా ఇల్లిల్లూ తిరిగింది. ఆకరి రెండిళ్లోలు పనికెల్లి లేటుగ వొచ్చినారు. ఆల్ల ఏలిముద్ర కూడ కావాలని ఇది ఆగింది. దానికే లేటు."

"ఇలా ఇవ్వండి."

ఇచ్చింది. కదల్లేదు.

"స్టాంపు కొట్టవా? స్టాంపు కొడితేనే అది కాయితం, లేకుంటే ఉత్త పేపరు అని నోముసా సెప్పింది."

"కొడతాను. మీరు వెళ్లండి, షేర్ ట్యాక్సీ దొరకదు మళ్లీ."

"కొట్టీ. సూసి ఎల్తాం."

ముద్ర నా చేతి పక్కనే ఉంది. ప్యాడూ ఉంది. "ప్యాడు ఆరిపోయింది మామ్మా. ఇంకు పోసి కొడతాను," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. నోముసా ప్యాడు వంక చూసింది. తర్వాత అప్పలమ్మ నవ్వి, నోముసా చెయ్యి పట్టుకుని, "పోదాం రా. ఇది మన పిల్లే గదా, మనకేటి బయం," అంది. తెలుగులోనే అంది. నోముసాకి ఆ మాటలు అర్థం కాలేదు, ఆ గొంతు అర్థమైంది. ఇద్దరూ మంచులో కలిసిపోయారు.

ప్యాడు ఆరిపోలేదు.

ఆ పది నిమిషాలు నేనేం చేశానో నాకు గుర్తు లేదు. గడియారం వంక చూశాననుకుంటాను. చెయ్యి ఎత్తితే చాలు. ఎత్తలేదు. నీళ్లలో కూర్చున్నట్టు, ఎవరి చేతినో చూస్తున్నట్టు కూర్చున్నాను. నాలుగైంది. కాగితాలు సొరుగులో పెట్టాను. సోమవారం పొద్దున్న తీసి, సోమవారం తేదీతో ముద్ర వేశాను. ముద్ర అబద్ధం చెప్పలేదు, సోమవారమే వేశాను కదా! ఏళ్ల తరబడి నేను పట్టుకుని వేలాడిన గడ్డిపోచ ఇది.

నా రిపోర్టు కమిటీకి వెళ్లింది. గడువులోగా అభ్యంతరాలు ఇవిగో, మద్దతుగా ఏమీ రాలేదు, ఒక అర్జీ గడువు దాటాక అందింది. ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయింది. ఇళ్లు నది అవతలికి మారాయి. ఎన్నికల్లో సామీ అంకుల్ గెలిచాడు. గుట్ట మీద వాళ్ల ఓట్లుంటే గెలిచేవాడు కాదని ఊరంతా అంది. నా కాంట్రాక్టు పొడిగించారు.

ఎన్నికలకి ముందే లారీలు వచ్చి రేకుల ఇళ్లవాళ్లని నది దాటించాయి. కొన్నాళ్లు నేను వెళ్లలేదు. వెళ్లేసరికి అప్పలమ్మ సిమెంటు ఇటుకల ఒంటి గది ముందు కూర్చుని ఉంది. తలుపు మీద రంగుతో ఒక నంబరు. గోడల అడుగున తేమ మరక. వానలకి నీళ్లు గడప దాటి వచ్చాయట, మంచం కింద ఇటుకలు పెట్టుకుంది. నోముసా పనికి వెళ్లాలంటే రెండు ట్యాక్సీలు మారాలి. ఏం జరిగింది మా కాయితానికి అని అప్పలమ్మ అడిగింది. లేటైంది మామ్మా అన్నాను. గడువు ఆ రోజు మధ్యాహ్నంతోనే అయిపోయి ఉంటుందని వాళ్లు అనుకున్నారు. నేను కాదనలేదు.

"మాదే తప్పు గుంటా. నీకు మాట రాలేదు గదా మా వల్ల?" అంది.

ఆ రోజు కూడా పులుసు పెట్టింది. తిన్నాను.

మరి రెండేళ్లకి ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. మావారే చూశారు ఆసుపత్రిలో. ఆ తేమ గదిలో ఉండకపోతే ఇంకొన్నాళ్లు బతికేదని ఇంటికొచ్చి అన్నారు. ఆయనకేం తెలుసు? నేను పళ్లెంలో అన్నం కలుపుతూనే ఉన్నాను. కర్మకాండ రోజున నోముసా నా పక్కకి వచ్చి నిలబడింది. గోగో తనని ఒక్కసారి కూడా తప్పు పట్టలేదని ఇంగ్లీషులో చెప్పింది. "కానీ ఆ రెండిళ్ల వేలిముద్రల కోసం నేను ఆగకుండా ఉండాల్సింది," అంది.

నేను ఆమె చెయ్యి నొక్కాను. మొదటి తప్పు పది నిమిషాల్లో జరిగింది. ఈ రెండోది చెయ్యి నొక్కేంతసేపట్లో జరిగింది. రెండోదే పెద్దదని ఇప్పుడనిపిస్తుంది. మొదటిది ఒక ఇల్లు తీసుకుంది. రెండోది నా పాపాన్ని ఇంకొక మనిషి భుజం మీద పెట్టి, సర్దుకోమంది.

నోముసా ఇంకా ఆ నది అవతలే ఉంది. జుట్టు నెరిసింది. క్లినిక్ కమిటీలో పనిచేస్తుంది. అప్పుడప్పుడూ కనిపిస్తుంది. ఎక్కడికి రావాలన్నా గంట ముందు వస్తుంది. మూసి ఉన్న తలుపుల ముందు ఒక్కతే నిలబడి ఉంటుంది. "ఎందుకింత ముందు?" అని ఎవరో అడిగితే, "ఒకసారి ఆలస్యం చేశాను," అంది. నేను వింటుండగానే అంది.

ఇంకొకటి కూడా చెప్పేయాలి. ఈ కాగితం నేను ఆ గుట్ట మీద నుంచే రాస్తున్నాను. చివరి స్థలం. తూర్పు వైపు కిటికీ. పొద్దుటే సముద్రం ఇంట్లోకి వస్తుంది, నేను కలగన్నట్టే. ఎక్కడా ఒక్క వంక లేదు. కొన్ని ఉదయాలు కళ్లు తెరిచీ తెరవకుండా ఉన్నప్పుడు, ఆ వెలుగులో ఎవరో నేల తుడుస్తున్నట్టు ఉంటుంది. లేచి చూస్తే ఎవరూ ఉండరు.

నోముసాకి తెలుగు రాదు. అందుకే దీన్ని తెలుగులో రాస్తున్నానా? ఒప్పుకోవడంలో కూడా దాక్కుంటున్నానా? కావచ్చు. రేపు ఆమె దగ్గరికి వెళ్లి ఆమెకి అర్థమయ్యే మాటలో చెబుతానని మీకు మాటిస్తే, ఇన్నేళ్ల నన్ను చూసి మీరు నమ్మక్కర్లేదు. క్షమించమని కూడా అడగను. క్షమించే హక్కున్న ఇద్దరిలో ఒకావిడ లేదు. రెండో ఆవిడ తప్పు తనదే అనుకుంటోంది.

కానీ ఒక్క వాక్యం ఈ లోకంలో ఎక్కడో ఒకచోట, ఏదో ఒక భాషలో రాసి ఉండాలి. ఇంతవరకూ ఎక్కడా లేదు. రాస్తుంటే గుండె ఇన్నేళ్లలో మొదటిసారి కాస్త ఖాళీ అవుతోంది. ఆ శుక్రవారం నాలుగు కావడానికి పది నిమిషాలుండగా వాళ్లు వచ్చారు. వాళ్లు వేళకే వచ్చారు.