దేవకికి దక్కిన మాట

మొన్న తిరుత్తణిలో పాత్రల దుకాణంలో స్టీలు బిందె మీద పేరు చెక్కే మిషను జుయ్యిమంటుంటే, మా ఇంగ్లీషు మిస్ గుర్తుకొచ్చింది.

కనకమ్మ సత్రం ఊరి బళ్లో ఆరో తరగతి చదివేటప్పుడు ఆమె మాకు ‘క్యారెక్టరైజ్’ అనే మాట నేర్పింది. ఒకరి గుణం ఇదీ అని చెప్పడమట. గుర్తులు చెక్కే పనిముట్టుకు గ్రీకులు పెట్టుకున్న పేరులోంచి పుట్టిందట. ఉదాహరణకని మా పెద్దమ్మ కూతురు దేవకిని లేపి, “ఈ పిల్ల ధైర్యవంతురాలు” అంది. నన్ను చూసి, “ఈ పిల్ల నెమ్మది” అంది.

మిస్ అన్నదంటే మనిషి మీద చెక్కేసినట్టే, ఇక చెరగదని నమ్మాను. కడుపు మండిపోయింది. ఒకే కంచంలో తిని పెరిగాం, మంచి మాట మాత్రం దానికే దక్కింది. ఇల్లు చేరేదాకా దానితో పలకలేదు.

ఆ వారమే బడికి సూదులు వేసే నర్సు వచ్చింది. వరసలో నా వెనకున్న దేవకి చల్లటి చెయ్యి నా చేతిలోకి దూరింది.

“శానా బయంగా ఉండాది మే.”

“అయితే ఏడువు. నేనూ ఏడుస్తా.”

“నేనేడిస్తే మిస్ ఏమనుకుంటాది?”

నేను గొంతెత్తి ఏడ్చాను. నర్సు నవ్వి, బుజ్జగించి పంపింది. దేవకి పెదవి కొరుక్కుని నిలబడింది. మిస్ దాని వీపు తట్టి, “చూశారా, నేను చెప్పలా?” అంది. అప్పుడూ నాకు కుళ్లే.

దాని పెదవి మీది పళ్ల గాటు ఆ రోజే చూశాను. జాలిపడడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది.