ఉలవల లెక్కలో గేదె వాటా

ఆ ఆరు నెలల్లో నేను పోగొట్టుకున్నవి ఇవి. ఒంట్లోంచి ఎనిమిది కిలోల మూడు వందల గ్రాములు. నడుం చుట్టూ మూడున్నర అంగుళాలు. సాయంత్రం మిరపకాయ బజ్జీలు రోజుకు నాలుగు చొప్పున, బండి రాని ఆదివారాలు తీసేస్తే, ఆరు వందల పదహారు. వేలికి వదులై పంటకాలవలోకి జారిన వెండి ఉంగరం ఒకటి. ఇవి కాక ఇంకొకటి మా గేదె కడుపులోకి పోయింది. దాని లెక్క చివర చెబుతాను.

తొంభైల చివర నేను రామచంద్రపురం దగ్గర ఒక రైస్ మిల్లులో గుమస్తాని. వయసు నలభై ఆరు, బరువు ఎనభై తొమ్మిది. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు గారు సుగరు గట్టు మీద కూర్చుందన్నారు. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గితే సరే, లేకపోతే జీవితాంతం మాత్రలు. అన్నం తగ్గించి ప్రొటీనూ పీచూ పెంచమన్నారు. మా నాన్న చివరి పదేళ్ళూ మాత్రల డబ్బా పక్కన పెట్టుకునే భోజనానికి కూర్చునేవారు. ఆ డబ్బా చప్పుడు నాకింకా చెవుల్లోనే ఉంది.

బస్టాండులో ఆహార విలువల పుస్తకం ఒకటి కొన్నాను. ఉలవలు: వంద గ్రాముల్లో ఇరవై రెండు గ్రాముల ప్రొటీను, ఐదు గ్రాముల పీచు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఉలవచారంటే నాకు ప్రాణం. మందూ ఇష్టమూ ఒకే గిన్నెలో ఎవరికి దొరుకుతాయి?

మిల్లులో ధాన్యం శాంపిల్ తూచే చిన్న త్రాసు మీద రోజూ వంద గ్రాముల ఉలవలు తూచి, పొట్లం కట్టి మా ఆవిడకిచ్చేవాణ్ణి. నోటుబుక్కులో ఇరవై రెండు, ఐదు అని రాసేవాణ్ణి. మర్నాడు మధ్యాహ్నం వేడన్నంలో చారు, పైన కాస్త మీగడ. చారు కుదిరిన రోజున ఇంకో రెండు ముద్దలు దిగేవి. ఆ ముద్దల్ని రాయలేదు.

సోమవారం సోమవారం బస్తాల కాటా ఎక్కేవాణ్ణి. బస్తాలు మోసే జట్టుకు పెద్ద అయిన మేస్త్రీ ముల్లు చూసి బరువు పైకి చదివేవాడు. మొదట్లో నాలుగు వందల గ్రాములు పోయాయి, తర్వాత సగం తిరిగొచ్చాయి. నోటుబుక్కులో ప్రొటీను పదిహేను వందల నలభై గ్రాములకు చేరిన డెబ్బయ్యో రోజున మొత్తం తగ్గింది రెండు వందల గ్రాములు. గడువు ఇక ఇరవై రోజులు.

"తేమ బాగా ఉందండి గుమస్తా గారూ," అన్నాడు మేస్త్రీ, ఆరని ధాన్యం బస్తాని చూసినట్టు నన్ను చూసి. "రెండెండలు తగలాలి."

ఆ సాయంత్రం అతనే తవుడు బస్తా దింపడానికి మా ఇంటికొచ్చి, గేదెను చూసి ఆగిపోయాడు. ఏం పెడుతున్నారమ్మా, ఇలా నిగనిగలాడుతోందని అడిగాడు. రోజూ ఈయన చారు తాలూకు గుగ్గిళ్ళేనంది మా ఆవిడ. నేను నోటుబుక్కుతో సహా బయటికొచ్చాను.

"ఉలవలన్నీ దానికి వేస్తున్నావా?"

"మరింకెవరికి వేస్తారండీ? ఉడకబెట్టేదే గేదెకి. పైన తేరిన నీళ్ళేగా మన చారు."

మా వైపు ఎప్పుడూ అంతే. గింజ గొడ్డుకి, నీళ్ళు మనిషికి. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. అంకెలు కనబడగానే నా కళ్ళు మూసుకుపోయాయి. పొట్లం తూచానే గాని, కంచం తూచలేదు.

"అయితే గుమస్తా గారు రాసిందంతా దీని ఒంటికి పట్టిందన్నమాటండి," అన్నాడు మేస్త్రీ.

ముందు నవ్వింది నేనే. తవుడు బస్తా మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. గేదె నెమరేస్తూ చూసింది.

మర్నాటి నుంచి గుగ్గిళ్ళు నావి. దాని నోటి దగ్గరిది లాక్కుంటారా, పాలు తగ్గవూ అని మా ఆవిడ గేదె పక్షాన నిలబడింది. దానికి వేరే పొట్లం తెచ్చి రాజీపడ్డాను. గుగ్గిళ్ళను ఉల్లిపాయలతో తాలింపు పెట్టించుకుని, అన్నానికి ముందే ఒక గిన్నెడు నమిలేవాణ్ణి. మీగడ మానేశాను. కడుపు నిండిపోయి అన్నం దానంతటదే సగమైంది. మొదటి నాలుగు రోజులు నా పొట్ట మిల్లు కంటే గట్టిగా మోగింది. జట్టంతా పని ఆపి విన్నారు.

ఇరవై రోజుల్లో రెండు కిలోల వంద పోయాయి.

"ఆరు తెమ్మంటే రెండూ చిల్లర తెచ్చారేంటండీ?" అన్నారు డాక్టరు గారు. గేదె సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మాత్రల చీటీ పక్కన పెట్టి, ఇంకో మూడు నెలలిచ్చారు. ఆ మూడు నెలల్లో సరిగ్గా ఆరు కిలోలు తగ్గాను. సుగరు గట్టు దిగి వెళ్ళిపోయింది. డబ్బా మా ఇంటికి రాలేదు.

ఇక గేదె లెక్క. పదిహేను వందల నలభైలో రోజుకు నాలుగు గ్రాములు చారులోకి దిగాయని ఉదారంగా వేసుకున్నా, అది తిన్నది పన్నెండు వందల అరవై. ఆ రోజుల్లో పాలు పెరిగాయనీ, పెరిగిన గ్లాసు పొద్దున్నే తాగింది నేనేననీ మా ఆవిడ వాదన. న్యాయమే. గ్లాసుకు ఎనిమిది చొప్పున డెబ్బై రోజులకీ ఐదు వందల అరవై తీసేశాను. పాలల్లో పీచుండదు గనక ఆ పద్దులో చిల్లిగింజ కూడా జమ కాలేదు. గేదె పోయి చాలా ఏళ్ళయింది. ఈరోజుకీ నాకు రావలసింది ప్రొటీను ఏడు వందల గ్రాములు, పీచు మూడు వందల యాభై.