దావీదు తూచిన పదహారు గ్రాములు

దావీదు నిన్న ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు జంషెడ్‌పూర్‌లో, కద్మాలోని తన ఇంట్లో చనిపోయాడు.

వాడి భార్య, గ్రేసు వదిన, ఫోన్ చేసి చెప్పింది. రిపోర్టర్ అలవాటు కొద్దీ కాగితం మీద టైమ్ రాసుకున్నాను.

పక్కన పేరు రాయలేకపోయాను.

ఇది చదివే మీలో చాలామందికి వాడు టాటానగర్ లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా రిటైరైన దావీదు అంకుల్. వాడు ఫిట్టర్ ఎందుకయ్యాడో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కణ్ణే.

అరవైల మొదట్లో, ఇదే ఊళ్ళో అగ్రికో కాలనీలో మావి పక్కపక్క క్వార్టర్లు. వాళ్ళ నాన్న శామ్యూల్ గారు విజయనగరం వైపు నుంచి వచ్చి ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర పనిచేసేవారు. మేమిద్దరం అప్పుడే స్కూల్ చదువు ముగించాం. కెమిస్ట్రీలో నాకు మంచి మార్కులు. వాడికి అత్తెసరు.

ఊళ్ళో ఒక చిన్న కార్ఖానా ల్యాబ్‌లో అసిస్టెంట్ ఉద్యోగం పడింది. ఒకటే పోస్టు, దానికి కెమిస్ట్రీ పరీక్ష. తను పడ్డ వేడి కొడుకు పడకూడదని, వాడు నీడపట్టున పనిచేయాలని శామ్యూల్ గారి కోరిక. నేను కాలేజీకి వెళ్తున్నాను కాబట్టి వాడికి పాఠం చెప్పే పని నామీద పడింది.

రెండు నెలలు. రోజూ సాయంత్రం వరండా నేలమీద సుద్దముక్కతో.

అప్పటినుంచి చివరిదాకా నన్ను "పంతులూ" అనే పిలిచాడు.

ముందు పేర్లు. ఫెరస్, ఫెర్రిక్ దగ్గర రోజూ తడబడేవాడు. వేలెన్సీ తక్కువైతే ఫెరస్, ఎక్కువైతే ఫెర్రిక్ అని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. చివరికి వాడే దారి కనిపెట్టాడు.

"ఫెరస్‌గాడికి రెండు సేతులు పంతులూ, ఫెర్రిక్‌గాడికి మూడు. మా అయ్య మీదుండే మేస్త్రీ లాగ. ఆ మూడోది లంచానికి బల్ల కింద ఉంటాది."

మళ్ళీ ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

అగ్రికో బజార్లో పాన్ కట్టేవాడితో "భయ్యా, కాల్షియం హైడ్రాక్సైడ్ కమ్ లగానా" అనేవాడు. సున్నం తగ్గించమని. "దిమాగ్ ఖరాబ్ హై క్యా తేరా?" అని అతను తిట్టేవాడు. సున్నం మాత్రం తగ్గించేవాడు.

తర్వాత గ్రామ్ మాలిక్యూల్ లెక్కలు. ఇప్పటి పిల్లలు మోల్ అంటారు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం మైలుతుత్తం లెక్క అడిగాడు. అదే, కాపర్ సల్ఫేట్. నాకు ఫుట్‌బాల్ మ్యాచ్‌కి టైమైపోతోంది. నిలబడే చెప్పాను: కాపర్ అరవైనాలుగు, సల్ఫర్ ముప్పైరెండు, నాలుగు ఆక్సిజన్లకి అరవైనాలుగు. మొత్తం నూట అరవై.

"మరి దాన్లో నీరుంటాది కదేటి? నిన్న డబ్బా మూత మీదేసి కుంపట్లో ఏడి సేసినాను. తెల్లగయిపోనాది. నీల్లు సుక్కేత్తే మల్లీ నీలం."

"ఆ నీరు వచ్చిపోయేది. లెక్కలోకి రాదు."

"నా కల్లతో సూసినానొరే!"

"కెమిస్ట్రీలో అత్తెసరు నీకొచ్చిందా, నాకా?"

వాడు నేలమీద రాసింది చేత్తో చెరిపేశాడు. "సరే పంతులూ. నువ్వెంతంటే అంతే."

మర్నాడు వాడు పరీక్షకి వెళ్ళాక పుస్తకం తీశాను. ఆ నీలం పలుకులో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కి ఐదు నీటి మాలిక్యూల్స్ ఉంటాయి. వాటి బరువు తొంభై. మొత్తం రెండువందల యాభై.

ప్రాక్టికల్‌లో వాడికి అదే వచ్చింది. ఒక గ్రామ్ మాలిక్యూల్‌లో పదో వంతు తూచి లీటరు ద్రావణం చేయమన్నారు. ఇరవై ఐదు గ్రాములు తూచాలి. వాడు పదహారు తూచాడు. ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది.

ఆ సాయంత్రం శామ్యూల్ గారు వరండాలో అడిగారు. "ఏటైనాదిరా బాబూ?"

"సెయ్యి వనికీసినాది అయ్యా. తూకం తప్పీసినాను."

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. వాడు నావైపు చూడలేదు. నేను నోరు తెరవలేదు.

నెల తిరక్కుండా వాడు లోకో షెడ్‌లో ఖలాసీగా, అంటే కూలీ హెల్పర్‌గా, చేరాడు. మసిలో, ఆవిరిలో. ఆ తర్వాత ఫిట్టర్. శామ్యూల్ గారు పోయేదాకా ఆ వణికిన చెయ్యి గురించే చెప్పుకునేవారు. "సెయ్యి నిలకడుంటే ల్యాబ్‌లో ఉండేవోడు మా వోడు."

నేను పేపర్లో చేరాను. తప్పు వార్త పడితే మర్నాడే సవరణ వేయించడం నా పద్ధతి. దావీదు నా వార్తలన్నీ చదివేవాడు. ఎక్కడైనా తొందరపడ్డానని అనిపిస్తే ఫోన్ చేసేవాడు.

"నీరు లెక్కేసినావేటి పంతులూ?"

నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. "ఆ తప్పు నాదిరా" అనడానికి అంతకంటే మంచి సందు దొరకదు. ప్రతిసారీ వదిలేశాను.

పోయిన నెల మాట్లాడినప్పుడు చెప్పబోయాను. ఆయాసపడుతున్నాడు. "ఛోడో యార్, ఫోన్లో ఏటి? ఓపాలి రా, కూకుని మాటాడుకుందాం" అన్నాడు.

వెళ్ళలేదు. కారణం ఏమీ లేదు.

దావీదూ, నువ్వు చూసిందే నిజం. ఇక అలసట తీర్చుకో. నీ దేవుడు నిన్ను చల్లగా ఉంచాలి.

ఇక్కడ రాస్తే సరిపోదు. సాయంత్రం రైలుకి టికెట్ దొరికింది. రేపు ఉదయం పదకొండు గంటలకు కద్మాలో చర్చి ప్రార్థన, ఆ తర్వాత సమాధి. మధ్యలో నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమంది వదిన. వాడి పిల్లలు, మనవలు అందరూ ఉంటారు.

ఆ రోజు వాడి చెయ్యి వణకలేదని చెప్తాను.