ముప్పై బిళ్ళల సువార్త

దర్శి దగ్గర మా ఊరికి ఏటా జనవరిలో విదేశాల నుంచి మిషనరీ దొరలొస్తారు. సరిగ్గా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉండే రోజుల్లోనే వస్తారు. వ్యాను దిగీ దిగగానే ఆ ఘాటుకి దగ్గి, తుమ్మి, ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుంటారు. అప్పటికే మా చర్చి ముందు డప్పులు, బంతిపూల దండలు, శాలువాలు సిద్ధంగా ఉంటాయి. మొత్తం పది రోజుల సేవ. అందులో రానూ పోనూ ప్రయాణానికి నాలుగు రోజులు, మంగళగిరిలో చీరలు కొనుక్కోవడానికి ఒకరోజు పోతాయి. చీకటి పడకముందే గుంటూరు హోటల్లో ఏసీ గదికి చేరుకోవాలి. ఇక మిగిలిన పగటిపూటల్లో మమ్మల్ని ఉద్ధరించాలి పాపం.

నేను ఆ ఊరి సబ్‌సెంటర్లో నర్సుని. పుట్టుకతో క్రైస్తవురాలినే. నర్సింగు చదివేటప్పుడు అబ్బిన కాస్త ఇంగ్లిషు ఉండబట్టి, పాస్టరు అయ్యగారు ఏటా నన్నే తర్జుమాకి వాళ్ళ పక్కన నిలబెట్టేవారు. అలా నిలబడి చూసిన వింతలు ఇన్నీ అన్నీ కావు. మూడు తరాల కిందటే బాప్తీస్మం తీసుకున్న పల్లె మాది. చదువురాని ముసలమ్మలు కూడా కీర్తనలు గడగడా అప్పజెబుతారు. ఒక ఏడు అలాంటివాళ్ళను చాపల మీద కూర్చోబెట్టి, ఒక దొర రంగు బొమ్మలు చూపిస్తూ నోవహు ఓడ కథ చెప్పాడు. ఏనుగు బొమ్మ ఎత్తి, "ఇదేమిటి?" అని అడిగాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. అంత పెద్దాయన ఏనుగు గురించి అడుగుతున్నాడంటే అందులో ఏదో మెలిక ఉండి ఉంటుందని అందరూ భయపడ్డారు.

ఆ బృందంలో ఇరవై ఏళ్ళ దొరసాని ఒకతె ఉంది. ఆమె మా పిన్ని రెండు చేతులూ పట్టుకుని, "నీకు యేసు తెలుసా?" అని అడిగింది. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. మిరప కోతలకు వెళుతుంది, ఆదివారం ఆరాధన ఎప్పుడూ తప్పదు.

"మా తాత నాటి నుంచీ తెలుసు. నీకెప్పుడు తెలిసింది తల్లీ?" అంది పిన్ని.

నేను "తెలుసట" అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. దొరసాని పిన్నిని కావలించుకుంది. ఫోటో తీశారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకునేదాన్నే. ఆ ఏడు మాత్రం వాళ్ళు వైద్యశిబిరం పెట్టారు.

పిన్నికి బీపీ ఎక్కువ. రోజూ ఒక తెల్ల సర్కారు బిళ్ళ మింగడం ఆమెకు అలవాటు చెయ్యడానికి నాకు ఏడాది పట్టింది. "తల తిరగట్లేదు, ఒళ్ళు నొప్పుల్లేవు, ఎందుకే మింగటం?" అని పేచీ పెట్టేది. తిట్టాను, బతిమాలాను, ఆమె పొద్దున్నే చేనికి బయలుదేరే వేళకు పోయి గుమ్మంలో నిలబడ్డాను. చివరికి నా పీడ వదిలించుకోవడానికైనా వేసుకోవడం మొదలుపెట్టింది. బీపీ దారికొచ్చింది.

శిబిరానికి కోత మాన్పించి మరీ ఆమెను తీసుకెళ్ళింది నేనే. ఇంకో డాక్టరు చూస్తే మంచిదే కదా అనుకున్నాను. దొర డాక్టరు నేనిచ్చిన బిళ్ళల అట్ట అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి ఆపి, ఇవి వాడమనండి" అని ఒక చిన్న సీసా ఇచ్చాడు. అందులో ముప్పై గులాబీరంగు బిళ్ళలున్నాయి.

"ముప్పై రోజుల తర్వాత?" అన్నాను.

"మీ ఊళ్ళో దొరకవా?" అని ఆశ్చర్యపోయాడు. మా ఊళ్ళో అగ్గిపెట్టె కావాలన్నా ఉన్నది ఒక్కటే బడ్డీకొట్టు. ఆ మాట చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ప్రార్థన చేద్దాం" అన్నాడు. సీసా మీద చెయ్యి పెట్టి చేశాడు కూడా.

పొరుగింటి పుల్లకూర రుచి. మర్నాటి నుంచి పిన్ని నా తెల్ల బిళ్ళ ముట్టనంది. "దొరల మందు పడ్డాక ఇంకా ఇవెందుకే?" అంది. నాకు ఒళ్ళు మండింది. "నీ ఖర్మ" అనేసి వచ్చేశాను. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు. రెండు నెలలు నా పంతం నాకు ముద్దయింది. ఆ సంగతి దాచుకోవడం నాకిష్టం లేదు.

వీడ్కోలు సభలో ఆ దొరసాని ఏడుస్తూ మాట్లాడింది. "ఇవ్వడానికి వచ్చాం, ఇచ్చినదానికంటే ఎక్కువ పట్టుకుపోతున్నాం" అంది. నేను తర్జుమా చేసిన వాటన్నిటిలోకీ నిఖార్సైన నిజం అదొక్కటే. ఆరంభశూరులని మనల్ని అంటారుగానీ, వీళ్ళ ముందు మనమెంత? వెనకటి దొరలతో మా పెద్దవాళ్ళకు ఎన్ని పేచీలైనా ఉండొచ్చు. వాళ్ళు తెలుగు నేర్చుకున్నారు, ఈ ఎండలకు మాడారు, కొందరు ఈ మట్టిలోనే కలిశారు. ఈ రోజు మందిస్తే రేపు వచ్చి ఎలా ఉందని అడిగేవాళ్ళట. ఈ పదిరోజుల దొరలు చెడ్డవాళ్ళని నేననను. చెడ్డవాళ్ళయితే జనం కాస్త జాగ్రత్తగానైనా ఉండేవాళ్ళు.

మార్చిలో ఆఖరి కోతప్పుడు పిన్ని చేలో పడిపోయింది. చేను ఆసామి బండి మీద దర్శికి, అక్కడి నుంచి అంబులెన్సులో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది, నోరు వంకర పోయింది.

ఆమెకు బట్టలు తెద్దామని ఇంటికెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాను. ఆదివారం కట్టుకునే తెల్లచీర కింద, బైబిలు పక్కన, ఆ సీసా ఉంది. లెక్కపెడితే ఇరవై ఏడు బిళ్ళలున్నాయి. మూడే మింగింది.

కాస్త మాట వచ్చాక అడిగాను, ఎందుకిలా చేశావని.

"మంచి బిళ్ళలు కదే. ఊరికే అరగదీస్తామా? పానం మీదకొచ్చినప్పుడు ఏసుకుందామని దాచుకున్నా" అంది.

మా ఇళ్ళల్లో మంచిదేదైనా అంతే. కొత్త దుప్పటి చుట్టాలొస్తేనే పరుస్తాం, మంచి చీర పెళ్ళిళ్ళకే కడతాం. ఆ సంగతి పదిరోజుల దొరకు ఎలా తెలుస్తుంది? ఈ పల్లెలో పుట్టిన నాకు తెలిసి ఉండాల్సింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చాక మళ్ళీ తెల్ల బిళ్ళలు పట్టుకెళ్ళాను. రెండోసారి వస్తే ప్రాణమే పోతుందని చెప్పాను. "మింగితే పోయిన చెయ్యి తిరిగొస్తదా?" అని మొహం అటు తిప్పుకునేది. రోజు మార్చి రోజు వేసుకోవడం, నేను కనపడకపోతే మానెయ్యడం. జనవరి దాకా అలాగే నడిచింది.

జనవరిలో మళ్ళీ డప్పులు మోగాయి. తర్జుమాకి రానని అయ్యగారితో కచ్చితంగా చెప్పాను. పిన్నే నన్ను పట్టుకుని చర్చికి బయలుదేరదీసింది. ఆ దొరసాని మళ్ళీ వచ్చింది. పిన్నిని గుర్తుపట్టి, సంతోషంగా పరుగెత్తుకొచ్చి చెయ్యి చాచింది. పిన్ని కుడిచెయ్యి లేవలేదు. తడబడి ఎడమచెయ్యి అందించింది. అందించిందేగానీ, మొహం చిన్నబోయింది.

"ఎడంచెయ్యిచ్చానే... ఏవనుకోవద్దని చెప్పు. చమించమని చెప్పవే" అంది నాతో.

నాకు కోపం ముంచుకొచ్చింది, వివరించబుద్ధి కాలేదు. "క్షమించమంటోంది" అని ఒక్క ముక్క ఇంగ్లిషులో అన్నాను.

దొరసాని కళ్ళు చెమర్చాయి. పిన్ని భుజం నిమిరి, "ఆమె పాపాలన్నీ ప్రభువు ఎప్పుడో క్షమించాడని చెప్పండి" అంది.

"ఏవందే?" అని పిన్ని నా మొహంలోకి ఆశగా చూసింది.

"తెల్ల బిళ్ళ రోజూ మానకుండా వేసుకోమంటోంది" అన్నాను.

పిన్ని వంకర నోటితోనే నవ్వింది. "అంత దూరం నుంచొచ్చి చెప్పిందిగా. ఏసుకోకపోతే ఎట్టా?" అంది.